ఎండాకాలంలో పాత కొట్టాలు, మోట బావుల ఫోటోలు: ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు తీయాలి

హైదరాబాద్ నుంచి ఏ దిక్కుకు బండి తీసినా గంట, గంటన్నరలో ఒక పాత బర్రెల కొట్టమో, పెంకులు జారిపోయిన మోటర్ రూమో, పక్కన గడ్డివామో, ఒకప్పుడు ఎడ్లతో నీళ్లు తోడిన మోట బావో కనిపిస్తది. చూడంగానే బండి ఆపాలనిపిస్తది, ఆపుతాం, టకటకా పది ఫోటోలు తీస్తాం, ఇంటికొచ్చి చూస్తే ఎదురుగ్గా ఒక గోడ, పైన తెల్లటి ఆకాశం, కింద ఎండిన నేల, అంతే. అక్కడ నిలబడ్డప్పుడు మనసుకు తగిలింది ఒక్కటి కూడా ఫోటోలో ఉండదు. నేను చాలా ఎండాకాలాలుగా ఇవే తీస్తున్నా, నాకు పని చేసిన పద్ధతి మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నా. ఫోన్ ఉంటే చాలు, కెమెరా ఉంటే ఇంకా మంచిది.

ఇవి మెల్లగా తీద్దాంలే అని వదిలేసేవి కావు. షాద్‌నగర్ వైపు ఒక కొట్టాన్ని వరుసగా మూడు ఎండాకాలాలు తీశా, నాలుగో ఏడు పోతే అక్కడ ప్లాట్ల హద్దురాళ్లు పాతి ఉన్నాయి, వేపచెట్టు కూడా లేదు. మీకు నచ్చిన కొట్టం ఒకటి కంటబడిందంటే ఈ ఎండాకాలమే పోయి తీయండి.

ముందు ఎటు పోవాలో, ఏ నెలలో పోవాలో

దిక్కును బట్టి గోడ మారతది. కీసర, ఘట్‌కేసర్, భువనగిరి వైపు పోతే గ్రానైట్ గుండ్లు, గుట్టలు, ఎర్ర చెల్కలు, అక్కడి పాత కట్టడాల్లో గోడ కింది భాగం ఆ రాయే, పైన ఎర్రమట్టి. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు పోయేకొద్దీ నల్లరేగడి వస్తది, ఇంకా ముందుకు తాండూరు దాకా పోతే నాపరాయి బండలు ఒకదాని మీద ఒకటి పేర్చిన గోడలు కనిపిస్తాయి. కాళ్ల కింద ఉన్నదే గోడలో ఉంటది, ఎవరూ దూరం నుంచి రాయి తెచ్చి కొట్టం కట్టుకోలేదు. ఫోటోలో కొంచెం నేల, కొంచెం గుట్ట, గోడ మూడూ కలిసి పడితే ఆ రంగుల చుట్టరికం దానంతట అదే కనిపిస్తది, మనం వేరే ఏం చేయక్కర్లేదు.

చేవెళ్ల రోడ్డు మీద పోయేటప్పుడు ఆ పెద్ద మర్రిచెట్ల కింద ఆగాలనిపిస్తది, ఆగకండి, తిరుగు ప్రయాణంలో చూస్కోవచ్చు. పొద్దుగాల వెలుగు అక్కడే అయిపోతది.

నెలల సంగతి. మార్చిలో మోదుగు పూలుంటాయి, ఏప్రిల్‌లో యాసంగి వరి పండి పసుపు తిరుగుతది, రేల చెట్లు గుత్తులు గుత్తులుగా పూస్తాయి. మే వచ్చేసరికి కోతలైపోయి కొయ్యకాళ్లు మిగుల్తాయి, ఊళ్లల్లో గుల్‌మొహర్ ఎర్రగా ఉంటది. నా మటుకు ఏప్రిల్ చివరి నుంచి మే మూడో వారం దాకా మంచి టైమ్. పొలంలో పచ్చదనం లేదని చాలామంది ఈ రోజుల్లో పోరు, కానీ పైరు, కలుపు, తీగలు అన్నీ పోయినప్పుడే కట్టడం మొదలు నుంచి చివరి దాకా కనిపిస్తది, గట్ల గీతలు కూడా అప్పుడే తేలుతాయి.

చేరగానే కెమెరా తీయకండి

బండి దూరంగా ఆపి, అక్కడ మనుషులు ఎవరన్నా ఉంటే పలకరించండి. "పెద్దమ్మా, కొట్టం బాగుంది, ఫోటో తీస్కోవచ్చా" అంటే వద్దన్నవాళ్లు నాకు చాలా తక్కువ, ఎక్కువ మంది ముందు మంచినీళ్లిస్తారు. ఎవరూ లేకపోతే కంచె దాటకుండా దారి మీద నుంచే తీయండి.

తర్వాత కెమెరా బ్యాగులోనే ఉంచి కట్టడం చుట్టూ ఒక రౌండ్ నడవండి. నడుస్తూ ఒకే ప్రశ్న వేస్కోండి: ఇది ఇక్కడే ఎందుకు కట్టారు?

ఈ ప్రశ్న నాకు ఒక తాత నేర్పిండు. మొయినాబాద్ దాటినంక లోపలికి ఒక పల్లెలో ఆయన కొట్టం తీసి, ఫోటో బాగా వచ్చిందని సంతోషంగా ఫోన్‌లో చూపిస్తే కళ్లు చిన్నగా చేస్కొని చాలాసేపు చూసి "బావేది బిడ్డా?" అన్నడు. బావి కొట్టానికి ముప్పై అడుగుల దూరంలో ఉంది, నేను కావాలనే పక్కకు కట్ చేసిన, పాత పైపులు, ముళ్లకంపతో గందరగోళంగా ఉందని. "బావి ఉంటేనే కదా ఈడ కొట్టం కట్టింది, కొట్టం ఒక్కటే తీసినవ్" అన్నడు. నా ఫోటోలు ఎందుకు బోసిగా ఉంటున్నాయో నాకు ఆ రోజు అర్థమైంది.

ప్రతి కొట్టానికీ ఒక కారణం ఉంటది. బావి పక్కన ఉంటది, లేదా మధ్యాహ్నం నీడ పడేలా వేపచెట్టును ఆనుకొని ఉంటది, లేదా వానాకాలం నీళ్లు నిలవని మిట్ట మీద ఉంటది, లేదా బండ్ల బాట మలుపు తిరిగే చోట ఉంటది. ఆ కారణం దొరికిందా, మీ ఫోటోలో రెండో వస్తువు దొరికినట్టే. కొట్టం, దాని కారణం, ఈ రెండూ ఒకే ఫ్రేమ్‌లో పడే చోటు వెతకడమే మిగతా పనంతా.

పొద్దు ఎటు, గోడ ఎటు

ఇది కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే మన ఊరి ఎండాకాలం లెక్క వేరే. చలిదేశాల వాళ్లు చెప్పే ఫోటోగ్రఫీ పాఠాలు ఇక్కడ సగమే పని చేస్తాయి.

హైదరాబాద్ 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9 ప్రాంతంలో మధ్యాహ్నం 12:12కి పొద్దు సరిగ్గా నెత్తి మీదికొస్తది, నిటారుగా పెట్టిన కర్రకు ఆ నిమిషం నీడే ఉండదు. మళ్లీ ఆగస్టు 3 ప్రాంతంలో అదే జరుగుతది. ఈ రెండు తేదీల మధ్య మధ్యాహ్నం పొద్దు మనకు ఉత్తరం పక్క నుంచి పోతది. పొడిచేది, కుంకేది కూడా సరిగ్గా తూర్పు పడమరల్లో కాదు, మే నెలలో దాదాపు 20 డిగ్రీలు ఉత్తరానికి జరిగి ఉంటది.

దీనివల్ల మనకు జరిగే మేలు ఏందంటే, చలికాలమంతా నీడలో మునిగి ఉండే ఉత్తరం గోడ మీద మే నెల పొద్దుగాల, సాయంత్రం ఎండ పక్కవాటుగా రాస్కుంటూ పోతది. ఎదురుగ్గా పడే ఎండలో గోడ పేపర్ లాగా చదునుగా కనిపిస్తది, పక్కవాటు ఎండలో దాని ఒళ్లంతా తేలుతది. పొద్దున ఆరున్నరకు ఒక మట్టిగోడ దగ్గర మోకాళ్ల మీద కూర్చొని చూడండి. అలికిన చేతి వేళ్ల గుర్తులు ఇంద్రధనుస్సు వంపుల్లాగా ఒకదాని మీద ఒకటి ఉంటాయి, ఎంత దూరం చెయ్యి చాస్తే అంత వంపు, మట్టిలో కలిపిన గడ్డిపోచలు అక్కడక్కడ బయటికొచ్చి ఒక్కోదానికి తన పొడుగుకు నాలుగింతల నీడ ఉంటది. పలుపు తాడు తగిలించిన మేకు చుట్టూ తాడు రాస్కొని రాస్కొని మట్టి నున్నగా అరిగిపోయి ఉంటది. గంట తర్వాత అదే గోడను చూడండి, ఇవి సగం మాయం.

మే నెలలో పొద్దు 5:45 అటూ ఇటుగా పొడుస్తది, సాయంత్రం 6:40 దాటి కుంకుతది. పొడిచినప్పటి నుంచి ఏడున్నర దాకా, సాయంత్రం ఐదు నుంచి చీకటి పడేదాకా, ఇదీ పని టైమ్. ఎప్పుడు పూర్తిగా ఆపాలో ఫోన్‌లో యాప్ చూస్కోకుండా తెలుసుకోవాలంటే మీ నీడ చూస్కోండి, అది మీ ఎత్తుకంటే పొట్టిగా అయ్యిందంటే, అంటే సుమారు 9 గంటలకు, బయటి ఫోటోలు ఆపేయొచ్చు. చూరు నీడ గోడను సగం నల్లగా కోసేస్తది ఆ తర్వాత.

సిటీ నుంచి పోయేవాళ్లు ఇడ్లీ తిని ఏడింటికి బయల్దేరితే లాభం లేదు, నాలుగున్నరకే బండి కదలాలి. కుదరకపోతే సాయంత్రం పోండి, సాయంత్రం తప్పేం కాదు, దుమ్ము లేచి ఉంటది కాబట్టి వెలుగు ఇంకా మెత్తగా, ఎర్రగా వస్తది.

నిలబడే చోటు

మూల నుంచి చూడండి. కట్టడానికి ఎదురుగ్గా నిలబడితే ఒక గోడే కనిపిస్తది, మూలకు జరిగితే రెండు గోడలు కనిపిస్తాయి, ఒకటి వెలుగులో, ఒకటి నీడలో, అప్పుడు దానికి మందం వస్తది. రెండూ సమానంగా కనిపించేలా సరిగ్గా మధ్యలో నిలబడకండి, వెలుగులో ఉన్నది రెండొంతులు, నీడలోది ఒకొంతు ఉండేలా జరగండి. ఎదురుగ్గా తీయాల్సిన కట్టడాలు కూడా ఉంటాయి, మధ్యలో ఒకే తలుపు, తలుపుకు అటూ ఇటూ సున్నం, జాజు పట్టీలు ఉన్నవి, అవి ఎదురుగ్గానే బాగుంటాయి, అక్కడ మాత్రం అంగుళం కూడా పక్కకు పోకుండా తలుపుకు నట్టనడుమ నిలబడాలి.

దూరం. అందరూ చేసే పొరపాటు, నేను చాలా ఏళ్లు చేసింది, దగ్గరికి పోయి వైడ్‌లో తీయడం. వెనకాల అంత పెద్ద గుట్ట ఉంటది, ఫోటోలో చూస్తే ఇసుక కుప్పంత కనిపిస్తది. దీనికి మందు వెనక్కి నడవడమే. కొట్టం నుంచి 20 అడుగుల దగ్గర తీసే బదులు 100 అడుగులు వెనక్కి పోయి జూమ్‌తో కొట్టాన్ని అదే సైజులోకి తెచ్చుకుంటే, వెనక గుట్ట కొట్టంతో పోలిస్తే దాదాపు ఐదింతలు పెద్దగా కనిపిస్తది. జూమ్ వల్ల కాదు, మీరు వెనక్కి నడవడం వల్ల. ఫోన్‌లో 2ఎక్స్, 3ఎక్స్ లెన్స్ ఉంటే అది వాడండి, కెమెరాలో 70 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్స్. 0.5ఎక్స్ (అల్ట్రా వైడ్) మాత్రం కట్టడాలకు వాడకండి, గోడలు పక్కలకు వాలిపోతాయి.

ఎత్తు కూడా అంతే ముఖ్యం. నిలబడి తీస్తే పెంకుల కప్పు అంచు వెనకున్న చెట్లలో కలిసిపోతది. గట్టు దిగి పొలంలో కూర్చుంటే కప్పు చెట్లపైకి లేచి ఆకాశం మీద తేలుతది, గూన పెంకుల వంకర గీత మొత్తం కనిపిస్తది. అదే బావి, కల్లం, బాట కనిపించాలంటే పైకెక్కాలి, పక్కన గుండు ఉంటే దాని మీదికి, లేకపోతే ట్రాక్టర్ ట్రాలీ మీదికి అడిగి ఎక్కండి. ఏది ఎన్నుకోవాలో మళ్లీ ఆ ప్రశ్నే చెప్తది, మిట్ట మీద కట్టిందైతే కింది నుంచి, బావి కోసం కట్టిందైతే పై నుంచి.

ఇంకా గట్లు, బండి చాళ్లు, రాతి కడీల వరుస, ఇవన్నీ చూపును కొట్టం దాకా తీస్కపోయే దారులు. ఫోటో కింది మూల నుంచి మొదలై తలుపు దగ్గర ఆగేలా ఒక్క గీత దొరికితే చాలు. గీత కొట్టాన్ని దాటి బయటికి పోతుంటే చూపు కూడా దాంతోపాటే పోతది, అలాంటప్పుడు రెండడుగులు పక్కకు జరగండి.

ఇంకొకటి, ఫోన్‌ను పైకి గానీ కిందికి గానీ వంచకుండా నిటారుగా పట్టుకోండి, వంచితే గోడలు వెనక్కి పడిపోతున్నట్టు వస్తాయి. పాత గోడ నిజంగానే వాలి ఉంటే ఆ వాలు చెడగొట్టకండి. పక్కన కరెంటు స్తంభమో, బావి మీది రాతి దిమ్మెనో సరి చూస్కొని గ్రిడ్ గీతతో కలపండి, గోడ వాలు నిజమైన వాలుగా కనిపిస్తది.

ట్రైపాడ్ ఉంటే తెచ్చుకోండి. వణుకు ఆపడానికి కాదు, నిదానం కోసం. సికింద్రాబాద్‌లో 1886లో స్టూడియో పెట్టిన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ కాలంలో గాజు పలకల మీద తీసేవాళ్లు, ఒక్క ఫోటోకు ఒక్క పలక. అలాంటప్పుడు నాలుగు మూలలూ చూడకుండా ఎవరు తీస్తారు? మనం కూడా తీసే ముందు ఫ్రేమ్ నాలుగు మూలలు ఒకసారి చూపుతో తిరిగి రావాలి. సగం తెగిన కొమ్మ, సగం బకెట్టు ఎక్కువగా ఆ మూలల్లోనే ఉంటాయి.

ఆకాశం ఎంత ఉంచాలి

ఎండాకాలం మన ఆకాశం చాలా రోజులు తెల్లగా, పొగలాగా ఉంటది, దాన్ని సగం ఫ్రేమ్ ఉంచితే ఫోటో మొత్తం వెలవెలబోతది. ఖాళీ ఆకాశం ఉంటే కప్పు పైన సన్నటి పట్టీ మాత్రం వదలండి, నేలకు ఎక్కువ ఇవ్వండి, నెర్రెలు, కొయ్యకాళ్లు, గడ్డి, చూడ్డానికి అక్కడ చాలా ఉంది. పోలరైజర్ ఫిల్టర్ (లెన్స్ ముందు పెట్టే, మెరుపు తగ్గించే అద్దం) గురించి చాలామంది అడుగుతారు, పొద్దుకు అడ్డంగా, అంటే మీ భుజం పొద్దు వైపు ఉన్నప్పుడు బాగా పని చేస్తది, కానీ పొగ ఆకాశాన్ని అది నీలం చేయలేదు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి గాలి దుమ్ము లేచి నల్ల మబ్బు కమ్ముకుంటది. పడమట సందులోంచి ఎండ, వెనక తూర్పున నల్ల మబ్బు, మధ్యలో వెలుగుతున్న మట్టిగోడ. ఏడాదికి రెండు మూడు సార్లు దొరుకుతది ఇది, దొరికినప్పుడు ఆకాశానికి రెండొంతులిచ్చినా తప్పులేదు. ఉరుము వినపడిందంటే మాత్రం చెట్టు కింద, పొలం నడుమ నిలబడకండి, కారులోకి పోండి.

తీగలు, నీలం డ్రమ్ములు, ప్లాస్టిక్ కవర్లు

కరెంటు తీగల కోసం బాధపడకండి, బోరు వచ్చినంక ఏ పొలంలోనైనా ఉంటాయి. ఆకాశంలో అడ్డంగా కొట్టంపైన గీసినట్టు పోతుంటే చోటు మార్చండి, దూరంగా మూలకు పోతుంటే ఉండనివ్వండి. నీలం డ్రమ్ము, గడ్డి మీద కప్పిన టార్పాలిన్ వేరే కథ, అంత మట్టి రంగులో అది ఒక్కటే కళ్లను గుంజుతది. ఫ్రేమ్ అంచున సగం తెగకుండా చూస్కోండి, అది మొత్తం లోపలికి వచ్చేలా అన్నా, చెట్టు మొద్దు వెనక దాగేలా అన్నా మీరు జరిగి నిలబడండి. వాళ్ల వస్తువులు మాత్రం జరపకండి, పారను తెచ్చి గోడకు ఆనించి అందంగా పెట్టడం లాంటివి కూడా వద్దు. పార ఎక్కడ ఉందో అక్కడే ఉండడానికి కూడా కారణముంటది.

మనుషులు, బర్రెలు

కొట్టం ఎంత పెద్దదో చెప్పడానికి ఒక ప్రాణి కావాలి. బర్రె తలుపు దాటి బయటికొచ్చే టైమ్ పొద్దుగాల పాలు పిండినంక, ఆ టైమ్ అడిగి తెలుసుకొని ఫ్రేమ్ ముందే సెట్ చేస్కొని కూర్చోండి. చీకటి తలుపులోంచి ముందు కొమ్ములు, తర్వాత ముఖం వెలుగులోకి వస్తది, ఆ క్షణమే నొక్కాలి, మొత్తం బయటికొచ్చినంక అది ఉత్త బర్రె ఫోటో. మనుషుల్ని "అటు చూడు తాతా, ఇటు నవ్వు పెద్దమ్మా" అని నిలబెట్టకండి, వాళ్ల పని వాళ్లను చేస్కోనివ్వండి, ఫ్రేమ్‌లో చిన్నగా ఉన్నా చాలు.

వెలుగు కొలత

ఫోన్‌లో ఎండ పడుతున్న గోడ మీద వేలు నొక్కిపట్టి లాక్ చేయండి, తర్వాత వెలుగు కొంచెం కిందికి జరపండి. సున్నం గోడ తెల్లగా కాలిపోతే ఎడిటింగ్‌లో తిరిగి రాదు, నీడ మాత్రం కొంత తిరిగొస్తది. కెమెరా అయితే అపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 100, రా ఫైల్ (కెమెరా ఏమీ దిద్దకుండా ఇచ్చే ఫైల్). చీకటి తలుపు నల్లగానే ఉండనివ్వండి, అది ఫోటోకు లంగరు లాంటిది, దాన్ని హెచ్‌డీఆర్‌తో, అంటే నీడలను వెలిగించే ఫోన్ మోడ్‌తో, బూడిద రంగు చేస్తే కొట్టం లోతు పోతది.

మిట్టమధ్యాహ్నం లోపలికి పోండి

తొమ్మిదింటికి ఇంటికి రానక్కర్లేదు. బయట ఎండ మండిపోతుంటే లోపల బంగారంలాంటి వెలుగుంటది. జారిన పెంకుల సందుల్లోంచి ఎండ కర్రల్లాగా దిగుతది, గడ్డి దుమ్ములో ఆ కర్రలు కనిపిస్తాయి. తలుపు ముందు నేల మీద పడ్డ ఎండ లోపలికి తిరిగి కొట్టి గోడలను కింది నుంచి వెలిగిస్తది. తలుపు పక్కన, నీడలో నిలబడి లోపలి వస్తువులు తీయండి: నులక మంచం, గుమ్మి, చూరులో గుచ్చిన కొడవలి. లోపలి నుంచి తలుపును ఫ్రేమ్ చేస్కొని బయటి పొలం తీయడం అందరూ చేస్తారు, చేయండి, కానీ తలుపులోంచి బావి గానీ చెట్టు గానీ కనిపించే చోట నిలబడి చేయండి.

లోపలికి పోయే ముందు చప్పుడు చేస్తూ పోండి, రాళ్లల్లో, గడ్డిలో పాములుంటాయి. స్టార్టర్ డబ్బా, వేలాడే తీగలు ముట్టుకోకండి. స్క్రీన్ చూస్కుంటూ వెనక్కి అస్సలు నడవకండి, పాత మోట బావులకు చాలావాటికి గట్టే ఉండదు. నీళ్లు మనిషికి మూడు లీటర్లు తక్కువ కాకుండా పెట్టుకోండి, ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీద పెడితే వేడెక్కి కెమెరా ఆగిపోతది, తువ్వాలలో చుట్టి నీడలో పెట్టండి.

ఇంటికొచ్చినంక

ఎడిటింగ్ తక్కువే. ముందు సరిగ్గా నిలబెట్టడం, తర్వాత అంచుల్లో చెత్త ఉంటే కొంచెం క్రాప్. వైట్ బ్యాలెన్స్ (రంగుల వేడి, చల్లదనం సెట్టింగ్) ఆటోలో ఫోన్ మన ఎర్ర చెల్కను చల్లబరుస్తది, కొంచెం వేడి రంగుకు జరపండి. పచ్చదనం పెంచకండి, ఆకాశం నీలం చేయకండి, మేలో ఆ నేల అలాగే ఉంటది.

ప్రింట్ మాత్రం తప్పకుండా తీయండి, 8×12 అంగుళాలు సరిపోతది, ఒకటి మీకు, ఒకటి కొట్టం వాళ్లకు. జూన్ 8 ప్రాంతంలో మృగశిర కార్తె వచ్చిందంటే దుక్కులు మొదలవుతాయి, ఎవరికీ తీరిక ఉండదు, కాబట్టి మే ఆఖరులోపు తీస్కపోండి.

బావి కూడా పడేలా రెండోసారి తీసిన ఫోటో తీస్కపోతే తాత దాన్ని ఎండలోకి పట్టుకొని చూసి, బావి పక్కనున్న వాలు మీద వేలు పెట్టిండు, "ఇగో, మోట ఎడ్లు ఈడికెల్లి దిగేటివి" అని. నేను దాన్ని ఉత్త మట్టి దిబ్బ అనుకున్న. సాయంత్రం ఆరింటికి ఎండ ఆ వాలు మీద పక్కవాటుగా పాకుతది, ఎడ్ల నడకకు అరిగిన చాలు ఇంకా ఉంటే ఆ వెలుగులోనే తేలాలి. వచ్చే ఆదివారం బావి వెనక గుండెక్కి అది తీస్తా.